పులి మెడ కింది ముక్క

నేను ఒక కట్టర్‌ని. ఫోటో స్టూడియోలో బల్ల మీద గళ్ళు గీసిన చెక్క పలక, పక్కన పొడవాటి కత్తి, కత్తి కొసకి నల్ల పిడి చూసే ఉంటారు. అదే నేను. ఇప్పుడు నంద్యాలలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో, విరిగిన కుట్టుమిషన్ మీద పడి ఉన్నాను. మీ పాస్‌పోర్టు ఫోటో అంచులు తిన్నగా ఉంటే అది నా చలవ. చెవి కొస ఎగిరిపోయి ఉంటే మాత్రం నన్ను తిట్టకండి, పిడి పట్టుకున్నవాణ్ణి తిట్టండి. ఫోటోలో ఏముందన్న దాని కంటే, ఏం లేకుండా చెయ్యాలన్న దాని మీదే మనుషులకి ధ్యాస ఎక్కువ. వాళ్ళంటే నాకు రోత పుట్టడానికి కారణం అదే. ఊరికే అనడం లేదు, వినండి.

నా కత్తి మొదట ఒక లారీ కమాను పట్టీ. కర్నూలులో ఒక ముసలి కమ్మరి దాన్ని కాల్చి, సాగదీసి, పదును పెట్టి టేకు పలకకి బిగించాడు. మొదట ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశాను. ఎన్నికల కరపత్రాలు కోసేదాన్ని, ఎన్నికలు అయ్యాక మిగిలినవాటిని చిత్తుకాగితాలుగా కోసేది కూడా నేనే. ప్రెస్సు మూతపడ్డాక నంద్యాలలో జబ్బార్ స్టూడియోకి చేరాను. జబ్బార్ మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ముందు ముందు మీకు అనుమానం రావచ్చు.

స్టూడియోలో చేరాక నాకు లోకం తెలిసింది. గ్రూపు ఫోటోలోంచి తగాదా పడ్డ తోడల్లుణ్ణి కోయించినవాళ్ళు ఉన్నారు. ఆర్నెల్లకి రాజీపడి, ఆ ముక్క ఉందా అని సిగ్గులేకుండా అడిగినవాళ్ళూ వాళ్ళే. ముక్క ఉండేది కాదు. జబ్బార్‌కి ఒక అలవాటు ఉంది. నేను కోసిన అంచుల్ని పారెయ్యడు. వాటిని రెండు వేళ్ళంత చీటీలు చేసి, వెనక నంబరు, ఏ రోజు రావాలో రాసి గిరాకీలకి రసీదుగా ఇచ్చేస్తాడు. మళ్ళీ ఆ చీటీ తెచ్చి చూపిస్తే ఫోటో కవరు ఇస్తాడు. అలా సగం ఊరి జేబుల్లో నేను కోసిన ముక్కలే తిరిగేవి.

పత్తి మిల్లు విరూపాక్షరెడ్డి గారు నా బతుకులోకి వచ్చింది అప్పుడే. ఆయనకి నల్లమలలో పులుల ఫోటోలు తియ్యడం పిచ్చి. మోచెయ్యంత పొడవు లెన్సు, పచ్చ చొక్కా, పచ్చ టోపీ. ఫోటో కడిగించి నా పలక మీద పరిచేవారు. దాని మీద రెండు నల్ల అట్ట ముక్కలు మూలమట్టంలా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ గంటసేపు చూసేవారు.

"కండ్లు ఈ పై గీత మీదికి రావాల జబ్బారూ. అది చూసే దిక్కు చోటు ఇడ్సాల. మీసం కొస తెగిందనుకో, బొమ్మ సచ్చినట్టే," అనేవారు.

ఆయన కన్ను గొప్పదే, కాదనను. ఆ అట్టల మధ్య పులి మొహం ఒక్కటీ నిలబడితే నా కత్తి కూడా ఝల్లుమనేది. కానీ అట్టల బయట ఉండిపోయేది చూశారూ, అది నా వంతు. పక్క జీపులోంచి చాచిన మోచేతులు, గడ్డిలో చిప్స్ పొట్లాలు, పులి కోసం ఎరగా కట్టేసిన దూడ తాడు. ఒక ఫోటోలో ఆ తాడుతో పాటు దూడ కన్ను కూడా ఉంది. అన్నీ కోశాను. గోడకెక్కిన ఫోటో చూసి జనం "అబ్బ, అడవంటే ఇదీ" అనేవారు. ఆ దూడ కన్ను అప్పటికే ఎవరి జేబులోనో చీటీగా తిరుగుతూ ఉండేది.

ఒక వేసవిలో, సోమవారం పొద్దున ఆయన ఒక ఆడపులి ఫోటో పెద్దది చేయించారు. అడవిలో జంతువుల కోసం కట్టిన నీళ్ళ తొట్టి దగ్గర తీసింది. నీళ్ళు తాగి తలెత్తింది, గడ్డం కింద మూడు చుక్కలు వేలాడుతున్నాయి, కళ్ళు సూటిగా మన వైపే. అంత దగ్గరగా పులిని నేనెప్పుడూ చూడలేదు. మొహం కింద, మెడ మీద బొచ్చు రెండుగా చీలి ఉంది. ఆ చీలికలో సన్నటి ఇనుప తీగ. చర్మంలోకి దిగిపోయి, ఒక కొస మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉంది. అడవి పందుల కోసం ఎవరో పెట్టిన ఉచ్చు అది.

జబ్బార్ కూడా చూశాడు. "సార్, మెడకు తీగ ఉన్నట్టుంది," అన్నాడు.

"చూసినా," అన్నారు రెడ్డి గారు. "దాని పైకి కొయ్యి."

"అడివి ఆఫీసోళ్ళకు చెప్పినారా సార్?"

రెడ్డి గారు అట్టలు సర్దుతూనే జవాబిచ్చారు. "ఫోటోల పోటీ నిబంధన తెలుసు గదా. ఫోటోలో మనిషి చెయ్యి పడిన గుర్తు ఉండగూడదు. కంచె, తాడు, తీగ, ఏదీ. పేరే అది, అచ్చమైన ప్రకృతి. ఇప్పుడు చెప్పినామనుకో, అందరూ ఈ ఫోటో అడుగుతారు, తీగున్న పులని పేపర్లో ఏస్తారు. ఇంగ పోటీకి యాడికి పంపేది? పై వారం ఫలితాలు. అయినాక చెప్తాలే."

జబ్బార్ అట్టలు పక్కకి జరిపాడు. స్టూడియోలో సగం పని రెడ్డి గారి మిల్లుదే. గడ్డం చుక్కల కింద, తీగకి రెండు గీతల పైన ఫోటో ఆనించాడు. పిడి కిందికి దిగింది. ఆ కోత నేనే కోశాను. పైన ముక్క కొత్త కవర్లోకి, నెగెటివ్ రెడ్డి గారి సంచీలోకి వెళ్ళాయి. కింది ముక్కని జబ్బార్ అలవాటుగా మూడు చీటీలు చేశాడు. నలభై ఐదు, నలభై ఆరు, నలభై ఏడు. సాయంత్రానికి మూడూ మూడు జేబుల్లోకి పోయాయి.

గురువారం ఈదన్న వచ్చాడు. చెంచు మనిషి, అడవి ఆఫీసులో పులుల జాడలు చూసే పని. రెడ్డి గారిని ఆ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది అతనే. పులి అనడు, పెద్దది అంటాడు.

"భాయ్, రెడ్డి సారు తీసిన పెద్దదాని ఫోటో నీ కాడనే గదా కడిగింది. మెడ కనిపిస్తాదా దాంట్లో?"

జబ్బార్ చేతిలో కవరు బల్ల మీద పెట్టాడు.

"మెడకు ఏందో పడుండాది. నీళ్ళు గొంతు దిగడంల్యా. రెండుసార్లు మింగి, రెండుసార్లు కక్కె. నాకు జీపు కాణ్ణుంచి సరింగా కనపళ్ళ్యా. రేంజరు సారు, ఒట్టి మాటకు మత్తు సూదేసే పశువుల డాక్టరు రాడు, ఏదన్నా సూపియ్యి అంటాండాడు. ఫోటో ఒకటి ఉంటే సాలు భాయ్."

జబ్బార్ రెడ్డి గారికి ఫోన్ చేశాడు. నెగెటివ్ ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నారు ఆయన. అయినా మెడ మీద తను ఏమీ చూడలేదని కూడా అన్నారు. ఫోన్ పెట్టేసి జబ్బార్ నా పిడిని కిందికి నొక్కి పెట్టాడు.

"ఉండె ఈదన్నా," అన్నాడు చివరికి. "తీగ ఉండె. నేనే కోసేసినా."

ఈదన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ ముక్క యాడుండాది?" అని మాత్రం అడిగాడు.

అప్పుడు మొదలైంది వెతుకులాట. నలభై ఐదు అప్పటికే తిరిగొచ్చి డబ్బాలో ఉంది. దాని మీద భుజం చారలు. నలభై ఆరు శుక్రవారం వచ్చింది. దాని మీద తొట్టి అంచు, కాస్త గడ్డి. తీగ ఉన్నది నలభై ఏడు మీద. పుస్తకంలో పేరు చూస్తే హుసేనమ్మ, రేషన్ కార్డు ఫోటో. ఇంటి గుర్తు లేదు. జబ్బార్ స్టూడియో మూసి సైకిల్ మీద పేట పేటకీ తిరిగాడు. మొదట దొరికిన ఇద్దరు హుసేనమ్మలు ఫోటోలే దిగలేదన్నారు. మూడో ఆమె కూతురి ఊరు బనగానపల్లె వెళ్ళిందన్నారు. ఈదన్న పొద్దున్నే గూడెం నుంచి బస్సులో వచ్చి, మూసిన స్టూడియో మెట్ల మీద కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళ్ళేవాడు. మూసిన తలుపు వెనక బల్ల మీద నేను. మా ఇద్దరి మధ్య ఒక చెక్క తలుపే అడ్డం.

ఈలోగా ఫలితాలు వచ్చాయి. రెడ్డి గారికి మొదటి బహుమతి. పేపర్లో ఫోటో వేసి కింద న్యాయనిర్ణేతల మాట రాశారు, మనిషి నీడ కూడా సోకని అడవికి ఇది అద్దం పట్టిందని. ఆ పేపరు ముక్కని రెడ్డి గారే తెచ్చి జబ్బార్ గోడకి అంటించి వెళ్ళారు. అయినాక చెప్తానన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు. తుప్పు పట్టడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

తొమ్మిదో రోజున హుసేనమ్మ బనగానపల్లెలోనే దొరికింది. చీటీ భద్రంగా ఆకువక్క సంచీలో దాచుకుంది. "నా ఫోటో ఇయ్యకుండా చీటీ ఎట్లిస్తా నాయనా," అని గట్టిగా అడిగిందట. జబ్బార్ కవరు చేతిలో పెట్టాకే ఇచ్చింది. ఆమెది తప్పేం లేదు. ఇన్నేళ్ళలో నేను కోసిన చీటీని అంత మర్యాదగా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

రెండు వేళ్ళంత ముక్క చూసి రేంజరు ఆ పూటే ఫోన్ చేశాడు. మర్నాడు డాక్టరు దిగాడు. మూడు రోజులు వెతికారు. పులిని కనిపెట్టింది ఈదన్నే. ఎండిపోయిన ఒక వాగులో, రాతి గుండు నీడలో చచ్చి పడి ఉంది. బక్కచిక్కి సగమైపోయింది. వారం ముందు పిలిచి ఉంటే తీగ తెంపి వదిలేసేవాళ్ళమని డాక్టరు అన్నాడట. ఆ వారం మా బల్ల మీదా, ఊరి జేబుల్లోనూ పోయింది.

కబురు తెలిసి రెడ్డి గారు లెన్సుతో సహా వాగు దగ్గరికి పరుగెత్తారు. రెండు రోజులకి కొత్త ఫిల్ము రోలు తెచ్చారు. దాంతో పాటు ఎక్కడ పెట్టానో గుర్తులేదన్న నెగెటివ్ కూడా తెచ్చారు. రెండూ పక్కపక్కన పెద్దవి చేయించాలట, వన్యప్రాణుల మీద మనిషి క్రూరత్వం అని ఇంకో ప్రదర్శన ఉందట. చనిపోయిన పులి మొహం మీద ఒక అరచెయ్యి ఉంది. నల్లగా, గోళ్ళలో మట్టితో. అది ఈదన్న చెయ్యి.

"ఈసారి తీగ బాగా దగ్గరికి రావాల. ఈ చెయ్యి తీసెయ్యి, అడ్డంగా ఉంది," అన్నారు రెడ్డి గారు.

"నా చేత గాదు సార్," అన్నాడు జబ్బార్.

రెడ్డి గారు అతన్ని వింతగా చూసి, తనే ముందుకొచ్చి పిడి లాగారు. ఆయనకి కొయ్యడం చేతకాదు. ఫోటోలో ఈదన్న వేళ్ళు మధ్యకి తెగాయి. ఆ క్షణంలో ఆయన బొటనవేలు ఒక్క అంగుళం ఇవతలికి ఉంటే ఏం జరిగేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. ఫోటో పాడైందని విసుక్కుని, నెగెటివులు తీసుకుని వేరే స్టూడియోకి వెళ్ళిపోయారు. మిల్లు పని కూడా ఆ రోజుతో పోయింది.

కానీ అప్పటికే జబ్బార్ మొదటి నెగెటివ్ నుంచి ఒక ప్రతి తీసి దాచాడు. అంచులు కొయ్యకుండా, మెడా తీగా తొట్టీ అన్నీ ఉన్నది. ఈదన్నకి కబురు పెట్టాడు. అతను వచ్చాక రెండు చేతులతో ఇచ్చాడు.

"మొత్తం ఉంది ఈదన్నా. ఏదీ కొయ్యలేదు. దీన్ని ఎవరికైనా చూపించొచ్చు నువ్వు."

ఈదన్న ఫోటోని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తెచ్చి నా పలక మీద పెట్టాడు.

"కొయ్యి భాయ్. ఈడికి," అన్నాడు. గడ్డం చుక్కల కింద వేలు పెట్టి చూపించాడు. "కూనగా ఉన్నప్పుటి నుంచి సూసినా దాన్ని. ఒట్టి మెడతోనే తిరిగె. నా గుడిసెలో అట్లనే ఉండనీ."

జబ్బార్ నా పిడి పైకెత్తాడు. ఫోటో ఆనించాడు. రెడ్డి గారు చూపించిన చోటే, తీగకి రెండు గీతల పైన. నేను దిగాను. ఇన్నేళ్ళ నా అసహ్యాన్ని ఆ కోత మీద పెట్టాలని చూశాను, నావల్ల కాలేదు. ఈదన్న పులి మొహాన్ని తువ్వాలులో చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. జబ్బార్ చెయ్యి అలవాటు కొద్దీ కింది ముక్క మీదికి వెళ్ళింది. ఈదన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది గూడా నాకే ఇయ్యి భాయ్," అన్నాడు. "దాని ఎనక ఏ నంబరూ రాయొద్దు."