ఆ బోరెం ఎత్తింది మేమే

యలమందయ్యను మళ్ళీ పనిలోకి తీసుకున్న రోజున మిల్లు గేటు ముందు మేం చప్పట్లు కొట్టాం. ఎర్రజెండా ఊపి పాట పాడాం. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ముందు మా తెలివితక్కువతనం మీద మండుతుంది, మిగతావాళ్ళ మీద తర్వాత.

మీరు కాలేజీ పిల్లలు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు కాబట్టి మా తప్పుతో సహా చెబుతున్నాను.

మాది పర్చూరు రోడ్డు మీది జిన్నింగు మిల్లు. రైతులు తెచ్చిన పత్తిలో గింజ తీసి, దూదిని బోరేల్లో కుక్కి, లారీలకెక్కించి గుంటూరు పంపుతారు. బోరెం అంటే గోనెపట్టాతో కుట్టిన పెద్ద సంచి. మనిషంత పొడుగు, మనిషికంటే బరువు. దాన్ని ఏ హమాలీ కూడా తనంతట తను వీపు మీదికి ఎత్తుకోలేడు. ఒకడు మోకాళ్ళ మీద చేతులానించి వంగితే, అటొకడూ ఇటొకడూ పట్టి, ఎత్తి, వాడి వీపు మీద పెట్టాలి. మా ముఠాలో మోసేవాడు యలమందయ్య. ఎత్తిపెట్టేవాళ్ళం నేనూ, యేసుపాదమూ. పదకొండేళ్ళు అలాగే బతికాం. నా పేరు అంకమ్మరావు.

ఎనభై అయిదు నవంబరులో, లారీకి ఆనించిన ఎక్కుడు చెక్క యలమందయ్య కాళ్ళ కింద విరిగింది. అది పగిలిందని మేం రెండు నెలలుగా మొత్తుకుంటూనే ఉన్నాం. మేనేజరు అనంతపద్మనాభం దానికి ఇనపతీగ చుట్టించి, "ఇంకో సీజను లాగుద్దిలే" అన్నాడు. యలమందయ్య కింద పడ్డాడు. బోరెం అతని మీద పడింది. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. భార్య సుబ్బరావమ్మ అతనికి అన్నీ మంచంలోనే చేసింది. మార్చిలో గుంటూరు డాక్టరు చీటీ రాసిచ్చాడు. బరువు ఎత్తకూడదు, వంగకూడదు, మూడు నెలలు తేలికపాటి పని మాత్రం చేయొచ్చు. ఈ మూడు నెలలూ గడిస్తే నడుము నిలబడుతుంది, లేకపోతే లేదు.

"నడుం పోయినోడు నాకెందుకు?" అన్నాడు యజమాని. మేం రెండు రోజులు గేటుకడ్డంగా కూర్చున్నాం. అప్పుడు కాగితం మీద రాసిచ్చాడు, 'యలమందయ్యకు లైటు పని ఇవ్వబడును' అని. చప్పట్లు అందుకే. ఆ లైటు పని ఏమిటో రాయించాలని మాలో ఒక్కడికీ తోచలేదు. బరువు మోయడమే పని అనుకునేవాళ్ళం మేం. మోయనిదంతా మాకు తేలికే మరి.

మర్నాడు అతన్ని ఆడవాళ్ళ మధ్య పత్తి ఏరడానికి కూర్చోబెట్టారు. పత్తిలో పడ్డ ఆకులూ పుల్లలూ నేల మీద గొంతుక్కూర్చుని, ముందుకు వంగి, పొద్దస్తమానం ఏరాలి. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టేసరికి యలమందయ్య లేవలేకపోయాడు. చంకల కింద చేతులేసి నేనూ యేసుపాదమూ లేపాం. ముఖమంతా చెమట, దాని మీద దూది అంటుకుని ఉంది.

ఏరే ఆడవాళ్ళలో పెద్దది హనుమాయమ్మ మా మీద విరుచుకుపడింది.

"లైటు పనంట! ఒరేయ్ అంకమ్మరావూ, ఇరవై ఏళ్ళ నుంచీ ఇట్టా వంగే ఏరతన్నాం. ఇంటికెళ్ళి పడుకుంటే నడుం నాదో కాదో తెలీదు. ఇది తేలికని మీకెవడు చెప్పాడ్రా? సంఘమంటారు, మీటింగులంటారు. మమ్మల్ని ఒక్కనాడన్నా అడిగారా?"

అడగలేదు. పక్కనే ఏరుతున్న ఖాదర్‌బీ లేచి వెళ్ళి ఒక ఖాళీ డబ్బా తెచ్చి బోర్లించింది. దాని ముందు ఖాళీ గోతాల దొంతర పేర్చి, దాని మీద పత్తి పోసింది. "ఇట్టా కూచోని ఏరుకో అన్నా. వంగే పనుండదు" అంది. యలమందయ్య రెండు రోజులు అలా ఏరాడు. మూడో రోజు మేనేజరు వచ్చి డబ్బాను కాలితో తన్నాడు.

"కుర్చీ వేశారు. కాఫీ కూడా తెప్పించమంటారా?"

ఆ సాయంత్రం నుంచే పని మారింది. గేటు దగ్గర స్టూలేసి అతన్ని కూర్చోబెట్టారు. ఏ ఆడమనిషి ఎన్నిసార్లు దొడ్లోకి వెళ్ళింది, ఎంతసేపటికి వచ్చింది, రోజూ పొద్దుగూకేముందు మేనేజరుకు చెప్పాలి. నడుముకి హాయిగా ఉండే పని అదొక్కటే ఇచ్చాడు ఆ మహానుభావుడు.

యలమందయ్య రోజూ ఒకే మాట చెప్పేవాడు.

"ఎవురూ పోలేదండి."

"నూటిరవై మందిరా! పొద్దుటి నుంచీ ఒక్కదానికీ రాలేదా?"

"రాలేదండి. తాగటానికి నీళ్ళేడున్నయ్యండి మన మిల్లులో, రావటానికి?"

ఈ మాట మిల్లంతా పాకింది. ఆడవాళ్ళు దొడ్లోకి వెళ్ళేటప్పుడు కావాలని అతని ముందు నుంచే వెళ్తూ, "అన్నా, మేం పోవట్లా" అని నవ్వేవాళ్ళు. వారం రోజులు మాకు అదొక పండగ. ఎనిమిదో రోజున మేనేజరు అతన్ని పిలిచాడు.

"ఏరమంటే ఏరలేవు. కాపలా కాయమంటే కాయలేవు. ఇంక నా దగ్గర లైటు పనుల్లేవు. రేపు అందరి ముందూ ఒక్క బోరెం మొయ్. షెడ్డు నుంచి లారీకి పన్నెండు అడుగులు. మోస్తే పనిలో ఉంటావు. లేకపోతే నీ అంతట నువ్వే మానుకున్నట్టు వేలిముద్ర వేసి పో."

సాయంత్రం టీ బంకు వెనక మీటింగు పెట్టుకున్నాం. మా కార్యదర్శి బుల్లయ్య మంచివాడే, కానీ ఆ రోజు అతనిలో దమ్ము లేదు.

"సీజను చివరికొచ్చింది. ఇప్పుడు సమ్మె అంటే యజమానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తాళమేసుకుని పోతాడు" అన్నాడు.

"అయితే మనవే యలమందయ్య నడుం ఇరగ్గొడదామా?" అని యేసుపాదం లేచాడు. "డాక్టరు చీటీ ఉంది గదా!"

"చీటీ చూపిస్తే చించి పారేశాడ్రా" అన్నాడు యలమందయ్య. "పన్నెండు అడుగులే గదా. పదకొండేళ్ళు మోశా. ఆ మాత్రం మొయ్యలేనా? ఎత్తిపెట్టండ్రా చాలు. పనిపోతే మీ వదిన కూలికి పోయి నన్ను సాకాలి. అది నేను చూడలేను."

అంతమందిమీ అతన్ని ఆపకుండానే ఇళ్ళకు పోయాం.

మర్నాడు పదింటికి లారీ వచ్చింది. సుబ్బరావమ్మ అతని నడుముకు తువ్వాలు బిగించి కట్టింది. యలమందయ్య మోకాళ్ళ మీద చేతులానించి వంగాడు. ఆ వంగడంలోనే ముఖం నల్లబడింది.

"ఎత్తండి" అన్నాడు మేనేజరు.

మేం కదల్లేదు.

"ఎత్తండ్రా" అన్నాడు యలమందయ్య నేలను చూస్తూ. "అంకా, నీకు దణ్ణం పెడతా. ఇంకాసేపైతే ఈ వంగింది కూడా వంగలేను. ఎత్తరా నాయనా."

నేనే ముందు చెయ్యి వేశాను. యేసుపాదం నా వంక చూసి, ఏడుస్తూ రెండో వైపు పట్టుకున్నాడు. ఎత్తాం. పెట్టాం. యజమాని ఆ బోరాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు. మేనేజరు చేతులు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. యలమందయ్య వీపు మీద ఆ బరువు పెట్టింది అతని కోసం ప్రాణమిస్తామనే మేమిద్దరమే. ఈ సంగతి నన్ను చచ్చేదాకా వదలదు.

తొమ్మిది అడుగులు వేశాడు. తర్వాత కాళ్ళు లేనివాడిలా కూలిపోయాడు. మేం బోరాన్ని పక్కకు దొర్లించాం. "కాళ్ళేయిరా? నా కాళ్ళు కనపడటం లేదు" అన్నాడు. కాళ్ళు అక్కడే ఉన్నాయి. అతనికే తెలియడం లేదు.

సుబ్బరావమ్మ తువ్వాలు ముడి విప్పడానికి ప్రయత్నిస్తూ కూర్చుంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"ఆస్పత్రికి తీసుకుపొండి. ఆ బోరానికి ఇంకొకణ్ణి వంగమనండి. లారీకి టైమవుతోంది."

నమ్ముతారో లేదో, బుల్లయ్య వంగాడు. అలవాటు అట్లాంటిది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుచూశాడు. నేనూ యేసుపాదమూ చేతులు కట్టుకుని నిలబడ్డాం. మేనేజరు వేరే ఇద్దర్ని పిలిచాడు. వాళ్ళూ చేతులు కట్టుకున్నారు. ఇంకో ఇద్దర్ని పిలిచాడు. వాళ్ళూ అంతే. బుల్లయ్య మెల్లగా నడుము నిటారుగా చేసి మావైపు తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపల గింజ తీసే జిన్ను యంత్రాల చప్పుడు ఆగిపోయింది. హనుమాయమ్మ ముందు నడవగా ఆడవాళ్ళంతా దూది దులుపుకుంటూ బయటికొచ్చారు.

ఆ బోరెం పడ్డచోటే పడి ఉంది. మిల్లు ఎనిమిది రోజులు మూతబడింది.

తొమ్మిదో రోజు పోలీసుల కాపలాతో ఒక లారీ వచ్చింది. అందులో ముప్పై మంది పొదిలి వైపు మెట్ట మనుషులు. అక్కడ వానల్లేవు. వాళ్ళ డొక్కలు చూస్తే మాకు తిట్టబుద్ధి కాలేదు. పోలీసులు మమ్మల్ని గేటు బయటికి నెట్టి లాఠీలు అడ్డం పెట్టారు. పొదిలివాళ్ళు పొద్దుటి నుంచీ బోరేలు మోస్తుంటే చువ్వల్లోంచి చూస్తూ నిలబడ్డాం. అంతకంటే చేయగలిగిందేమీ లేదు. మా ఇళ్ళల్లోనూ పొయ్యి వెలగడం లేదు. సాయంత్రానికి మాలో సగం మంది లోపలికి పోతారని మేనేజరుకీ తెలుసు, మాకూ తెలుసు.

మిట్టమధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళు మంచం మోసుకుంటూ వచ్చారు. మంచం మీద యలమందయ్య. పక్కన సుబ్బరావమ్మ, తడిగుడ్డతో అతని తల కప్పుతూ. గేటు ముందు దించారు. అతను తల ఎత్తలేడు, ఆకాశం తప్ప ఏమీ కనపడదు.

"ఏం జరగతందిరా? చెప్పండ్రా" అన్నాడు.

"మోస్తన్నారన్నా. ఒక్కటే మిగిలింది. నీ మీద పడిందే" అన్నాను.

హనుమాయమ్మ చువ్వలు పట్టుకుని గొంతు చించుకుంది. "అయ్యల్లారా! పొదిలోళ్ళారా! ఆ బోరెం కిందే మా మడిసి పడ్డాడు. ఇదుగో, మంచం మీద! బలిమిన మోయించారు. రేపు మీకూ అంతే!"

లోపలివాళ్ళు ఆగి మంచం వైపు చూశారు. మేనేజరు అరిచాడు. ఒక సన్నపాటి మనిషి ఆ బోరెం దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద చేతులానించాడు. అతని పేరు సైదా అని తర్వాత లాకప్పులో తెలిసింది.

"వంగాడన్నా" అన్నాను.

"ఎత్తేవోళ్ళు?"

"ఇద్దరొచ్చారు. చెరో పక్కా పట్టుకున్నారు."

యలమందయ్య కళ్ళు మూసుకున్నాడు. "లేపారా?"

అప్పుడే ఎస్సై నా కాలర్ పట్టుకున్నాడు. "ఏందిరా, కామెంటరీ చెబుతున్నావా?" అని ఈడ్చి పోలీసు వ్యానులోకి తోశాడు. యేసుపాదం అందుకున్నాడు. "ఇంకా లేపలేదన్నా, మనవైపే చూస్తన్నారు..." అంటుండగా అతన్నీ లాక్కొచ్చారు. బుల్లయ్య నోరు తెరిచాడో లేదో లాఠీ పడింది. అతన్నీ మా మీదకు విసిరారు. వ్యాను తలుపు వేశారు. నాకు ఇంకేమీ కనపడలేదు.

ఖాదర్‌బీ గొంతు వినిపించింది. ఆ మనిషి ఎన్నడూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"తీసేశారన్నా! చేతులు తీసేశారు!"

"వంగినోడు?"

"నిలబడ్డాడు. మేనేజరు కొడతన్నాడు. ఐనా వంగట్లా. అందరూ కింద కూచుంటన్నారన్నా!"

వ్యాను కదిలింది. యలమందయ్య మళ్ళీ ఏదో అడిగాడు, ఇంజను మోతలో సరిగా వినపడలేదు. ఖాదర్‌బీ జవాబు మాత్రం వినపడింది.

"ఆడే ఉందన్నా. ఎవురూ ఎత్తట్లా."