పగలు మూసిన కర్టెన్లు

ఆ ఇళ్లకు పసుపు రంగు వేసింది నేనే. ఆ సంగతి ముందు ఒప్పుకోకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

1981లో నేను పరాయి దేశంలో, ఒక నగర ప్రణాళికా శాఖలో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. కార్ల ఫ్యాక్టరీకి రెండు వందల ఎకరాలు చదును చేసి ఇస్తామని నగరం మాట ఇచ్చింది. ఖాళీ ఇళ్లు ఎక్కువున్న పేటయితే తీసుకోవడం సులువు. సర్వే వాళ్లు ఉదయం పదింటికి కారు దిగకుండా వీధులు తిరిగి, కర్టెన్లు మూసి ఉన్న ప్రతి ఇంటినీ ఖాళీ అని రాసుకొచ్చారు. నేను మ్యాపులో వాటికి పసుపు పూశాను. గీత దాటకుండా, ముచ్చటగా పూశాను.

వారం తిరక్కుండా నాగమణి గారు నోటీసు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో నైట్ షిఫ్ట్ చేస్తుంది. నేను తెలుగువాణ్ణని తెలిసి కాస్త ధైర్యం తెచ్చుకుంది.

"మా ఇల్లు ఖాళీ అని రాశారు తమ్ముడూ. పదింటికి నేను నిద్రలో ఉంటాను. మా వీధి వీధంతా నైట్ షిఫ్టే."

నేను మ్యాపు తెరిచి చూశాను; ఆవిడ ఇంటి మీద నా పసుపే ఉంది.

ఆ ఆదివారం చర్చి బేస్‌మెంట్‌లో పేటంతా చేరింది. ఫౌండ్రీ, బేకరీ, ఆసుపత్రి మనుషులు. నల్లవాళ్లు, పోలిష్ వాళ్లు, మెక్సికన్లు. నేను దొంగచాటుగా తెచ్చిన మ్యాపు నకలు గోడకు అంటించాను. ఎవరి పసుపు గడి వాళ్లు వెతుక్కుని, అందులో తమ పేరు రాసుకున్నారు. ఫౌండ్రీలో రిటైరైనా పగటి నిద్ర మానని వాల్టర్ మాత్రం, ఫ్యాక్టరీని అడ్డుకుంటే మన పిల్లల ఉద్యోగాలే పోతాయి కదా అన్నాడు. చాలా తలలు ఊగాయి. నాగమణి గారు తనకొచ్చిన ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది.

"ఫ్యాక్టరీ వద్దని ఎవరన్నారు? మనం లేమని రాసి కట్టొద్దంటున్నా."

వాల్టర్ లేచి తన గడిలో పేరు రాశాడు.

మ్యాపును ఆమోదించే ముందు జరిగే విచారణ రోజు అందరూ షిఫ్ట్ దిగి, యూనిఫారాల్లోనే నగర కౌన్సిల్ హాలుకొచ్చారు. ఇంటి నంబర్లు చదువుతుంటే ఒక్కొక్కరూ లేచి, ఇక్కడే ఉంటున్నామన్నారు. రంగు వేసింది నేనేనని నేనూ చెప్పాను. కౌన్సిల్ ఓపిగ్గా విని, మ్యాపును ఉన్నదున్నట్టు ఆమోదించింది. ఆ మధ్యాహ్నమే నా ఉద్యోగం ఊడింది.

నవంబర్‌లో బుల్‌డోజర్లు వచ్చిన ఉదయం నాగమణి గారు తన ఇంటి మెట్ల మీద కూర్చుంది. పక్కన వాల్టర్, వెనక వీధంతా. పోలీసులు చేతులకు బేడీలు వేస్తుంటే నావైపు తిరిగి, "రాత్రంతా నిలబడే ఉన్నాను తమ్ముడూ, కాసేపు పడుకుంటే బాగుండు" అంది. ఆవిడ వ్యాన్ ఎక్కకముందే ఇల్లు కూలింది. నేను ఏడ్చాను. ఇటుకల కింద ఆ కర్టెన్ల అంచులు కనిపిస్తూనే ఉన్నాయి.

మార్చిలో, ఇంకొంత స్థలం కోసం, సర్వే కారు నదికి అవతలి పేటకు వెళ్లింది, మళ్లీ పదింటికే. జైలు నుంచి వచ్చిన నాగమణి గారూ, వాల్టరూ, నేనూ అంతకుముందే అక్కడ ఇల్లిల్లూ తిరిగాం. ఆ ఉదయం ఏ కర్టెనూ మూసి లేదు. ప్రతి కిటికీలో నిద్ర కళ్లతో ఒక్కొక్కరు నిలబడి కారు వైపే చూస్తున్నారు. కారు వీధి మధ్యలో ఆగింది.

సర్వే వాళ్లు మొదటిసారి కారు దిగారు.