ఒమాహా దగ్గర ఆవకాయ జాడీ

మొగుడు తాగితే ఊరంతా జాలిపడుతుంది. పేకాడితే పుట్టింటివాళ్ళు దిగి పంచాయితీ పెడతారు. అదే మొగుడు డైనింగ్ టేబుల్ మీద రైలు పట్టాలు పరిస్తే ఆడది ఎవరికి చెప్పుకోవాలి? అరిజోనాలోని చాండ్లర్‌లో కాపురముంటున్న ఉమామహేశ్వరికి రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఎవరితో అన్నా, "పోనీలెద్దూ, ఇంటిపట్టున ఉంటున్నాడుగా" అని తేల్చేసేవారు.

ఆమె భర్త రఘువీర్ కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పగలంతా కంటికి కనపడనివి చేసి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళకి అడ్డంపడేవి చేస్తాడు. ఎనిమిదిమంది కూర్చునే టేబుల్ మీద ఇప్పుడు అమెరికా ఖండాన్ని దాటిన మొదటి రైలుమార్గం ఉంది. పడమటి అంచున శాక్రమెంటో, తూర్పు అంచున ఒమాహా. మధ్యలో థర్మోకోల్ కొండలు, అప్పడాల డబ్బా కోసి చేసిన సొరంగం. 1869లో రెండు వైపులనుంచీ వేసుకుంటూ వచ్చిన పట్టాలు కలిసిన ప్రామంటరీ అనే చోటు సరిగ్గా టేబుల్ నడిమధ్యన, ఒకప్పుడు అన్నం గిన్నె పెట్టే దగ్గర వచ్చింది. ఆ రోజు చివరగా బిగించింది బంగారు మేకు కనుక, ఇక్కడా బంగారమే ఉండాలని రఘువీర్ పట్టుబట్టాడు. తన దుద్దు శీల పోయిందని ఉమ ఇల్లంతా గాలించి, ఒకనాడు పప్పు వడ్డించుకోబోతూ దాన్ని ప్రామంటరీలో చూసింది.

ఉన్న ముగ్గురూ మిగిలిన అంచుల్లో సర్దుకుని తింటున్నారు. శాక్రమెంటో దగ్గర ఉప్పు, ఒమాహా దగ్గర ఆవకాయ జాడీ. కూతురు సంహిత "నాన్నా, ఆవకాయ పంపించు" అంటే అది కూత వేసుకుంటూ గూడ్సు బండిమీద వచ్చేది. ఆ రైలువల్ల ఇంటికి జరిగిన ఉపకారం అదొక్కటే.

ఇంతలో శ్రావణం దగ్గరపడింది. కిందటేడు వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన ఆడవాళ్ళంతా పట్టుచీరలతో వంటింట్లో నిలబడి, పేపర్ ప్లేట్లు చేత్తో పట్టుకుని పులిహోర తిన్నారు. స్నేహితురాలు గీతాంజలి చీరమీద పులుసు ఒలికింది. ఈసారి టేబుల్ మీద నలుగురికీ మర్యాదగా వడ్డించకపోతే ఆ అమ్మవారు కూడా మా గడప తొక్కదని ఉమ తేల్చింది.

"తియ్యడం కుదరదు ఉమా. ఒక్కసారి కదిలిస్తే అలైన్‌మెంట్ పోతుంది" అన్నాడు రఘువీర్.

"నాది పోయి రెండేళ్ళయిందండీ."

ఆయన మాట మార్చేశాడు. యూటాలో ఉన్న అసలు ప్రామంటరీకి కారులో వెళ్తున్నామని, మోటెల్ బుక్ చేశానని చెప్పాడు. అక్కడ శనివారం పొద్దున పదింటికి, పాతకాలపు నమూనాలో కట్టిన రెండు ఆవిరి ఇంజన్లు ఎదురెదురుగా వచ్చి ముక్కు ముక్కు ఆనించి నిలబడతాయట.

రఘువీర్ తండ్రి బిట్రగుంటలో రైల్వే గార్డు. ఆయన పోతూ కొడుక్కి రెండు ఇచ్చి వెళ్ళాడు: ఒక చేతి గడియారం, తనవల్ల తప్పు జరగదన్న నమ్మకం. రెంటికీ రఘువీర్ రోజూ పొద్దున్నే కీ ఇస్తాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో "తప్పు నాదే" అన్న మాట ఉమ ఆయన నోట వినలేదు. ఉప్మా మాడితే స్టవ్ తప్పు. దారి తప్పితే కొత్తగా రోడ్డేసినవాడి తప్పు.

"ఇది రైల్వే యాత్ర. ఇంటికి తిరిగొచ్చేదాకా ఫోన్లన్నీ బ్యాగులో. మనకి మ్యాప్ ఉంది, నాన్నగారి వాచీ ఉంది" అని ప్రకటించాడు, బయల్దేరే ముందు.

"నాన్నా, దిస్ ఈజ్ టార్చర్" అంది సంహిత.

ఉమ మాత్రం నెమ్మదిగా అడిగింది. "మీ వాచీని నమ్ముకుని ఎక్కడైనా టైము తప్పితే?"

"తప్పదు."

"ఒకవేళ తప్పితే?"

"టేబుల్ ఖాళీ చేసేస్తా, శ్రావణంలోపే. తప్పకపోతే మాత్రం రాకీ పర్వతాల్ని గోడదాకా పొడిగిస్తా. నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

"సంహితా, విన్నావుగా?" అంది ఉమ.

కారులో గడియారం ఉంది గానీ, కొన్న రోజునుంచీ అది పన్నెండు దగ్గరే మెరుస్తోంది. దాన్ని సరిచేయడం రఘువీర్‌కి అవమానం. చేతికి నిజమైన గడియారం ఉండగా దాంతో పనేమిటి?

దారిపొడవునా పాఠం నడిచింది. ఒకప్పుడు ఈ దేశంలో ఏ ఊరి సూర్యుడు ఆ ఊరిదే, ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. ఆ గందరగోళంలో రైళ్ళు నడపలేక 1883లో రైల్వే కంపెనీలే కూర్చుని దేశాన్ని జోన్లుగా కోసి, ఒక్కో జోనుకి ఒక్కో టైము పెట్టాయి.

"అరిజోనా, యూటా రెండూ మౌంటెన్ జోనే. గీత గీసింది రైల్వేవాళ్ళు. అందుకే వాచీ ముల్లు కదపక్కర్లేదు" అని స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు రఘువీర్.

తరవాత బంగారు మేకు కథ. పెద్దమనిషి ఒకాయన వెండి సుత్తి ఎత్తి కొడితే మొదటి దెబ్బ గురి తప్పిందని చెప్పుకుంటారట. అయినా తంతి మాత్రం దేశమంతా "అయిపోయింది" అని వెళ్ళిపోయిందట.

"తప్పిందని ఆయన ఒప్పుకున్నాడా?" అంది ఉమ.

"ఎవరు?"

"సుత్తాయన."

రఘువీర్ అద్దంలో ఆమెవైపు ఒకసారి చూసి, ఆనాటి ఫోటో సంగతిలోకి మళ్ళాడు. కొండలు తొలిచి పట్టాలు వేసిన చైనా కూలీలు వేలమంది అయినా, అందరికీ తెలిసిన ఆ ఫోటోలో వాళ్ళ జాడే లేదట. ఉమకి అందులో వింతేమీ కనపడలేదు. తమ ఇంట్లో వ్రతం ఫోటోలన్నిట్లోనూ పులిహోర ఉంది, వండిన మనిషి లేదు.

సాయంత్రానికి ప్రామంటరీ దగ్గరి చిన్న ఊరు చేరారు. అక్కడినుంచి అన్నీ విచిత్రంగా జరిగాయి. రెస్టారెంట్‌లో అమ్మాయి కుర్చీలు ఎత్తి బల్లలమీద పెడుతూ, వంట కట్టేశామంది. "పల్లెటూరు కదా, త్వరగా పడుకుంటారు" అన్నాడు రఘువీర్, వాచీ చూసుకుని. మోటెల్ గదిలో మంచం పక్కన ఎర్ర అంకెల గడియారం ఆయన వాచీకంటే గంట ముందుంది. "మోటెల్ గడియారాల్ని ఎవడు పట్టించుకుంటాడు?" అని దాని మొహం గోడవైపు తిప్పేశాడు.

ఉమకి అనుమానం పుట్టింది. టీ పొడి అడిగే నెపంతో కింద కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న పెద్దావిడ విని పకపకా నవ్వింది. అరిజోనానుంచి వచ్చేవాళ్ళందరిదీ ఇదే వరస అంది. జోన్ ఒకటే గానీ, ఎండాకాలం యూటా అంతా గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటుంది. చాండ్లర్‌లో ఆ అలవాటే లేదు.

ఉమ కాళ్ళు నేలమీద ఆనలేదు. అంటే రేపు పొద్దున మొగుడు తన వాచీలో తొమ్మిదిన్నరకి హుందాగా అక్కడ దిగేసరికి ఇంజన్లు ముక్కు ముక్కు ఆనించి చాలాసేపయి ఉంటుంది. వడ్డించిన టేబుల్ కళ్ళముందు కదిలింది. గీతాంజలికి కుర్చీ, విస్తరి, పక్కన పాయసం గిన్నె...

మెట్లమీద సంహిత ఎదురుపడింది. బ్యాగులోంచి ఫోన్ దొంగతనంగా తీసిన ముఖం అది. "అమ్మా! నాన్న వాచ్ ఈజ్ వన్ అవర్..."

"ష్. నీకు టేబుల్ మీద హోంవర్క్ చేసుకోవాలనుందా, లేదా?"

సంహిత రెండు వేళ్ళతో పెదాలకి జిప్పు వేసుకుంది.

గదిలో రఘువీర్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇంజన్‌ని చూడ్డానికి ఇస్త్రీ చొక్కా ఏమిటని ఉమ నవ్వబోయింది.

"మా ఊళ్ళో ఆఖరి ఆవిరి ఇంజన్‌ని సాగనంపిన రోజు నాకు లెక్కల పరీక్ష" అన్నాడాయన, ఇస్త్రీపెట్టె ఆపకుండా. "నాన్న రమ్మన్నారు. ఇంజన్ ఎక్కిస్తానన్నారు. పేపర్ సగంలో వదిలేసి పరిగెత్తా. వెళ్ళేసరికి పొగుంది. పొగ మాత్రమే ఉంది. అది పోయేదాకా నిలబడి చూశా." కాలరు మరొకసారి ఒత్తాడు. "రేపు పదింటికి, ఉమా. ఈసారి పదికి ముందే నిలబడతా."

ఉమ మంచంమీద అటు తిరిగి పడుకుంది. పాడు మనిషి, ఈ కథ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడు? చెప్పడానికి ఇవాళే దొరికిందా?

పొద్దున రఘువీర్ స్నానానికి వెళ్ళాడు. వాచీ బల్లమీద ఉంది. ఉమ దాన్ని చేతిలోకి తీసుకుంది. చెబితే ఒప్పుకోడు. రైల్వే జోన్ల మీద ఇంకో పాఠం చెప్పి, ఆ పాఠంలోనే పది దాటించేస్తాడు. చెప్పకపోతే టేబుల్ తనది, పొగ ఆయనది. "ఈ ఏడు కూడా నిలబడే తినండర్రా" అని మనసులోనే గీతాంజలి చీరకి క్షమాపణ చెప్పుకుని, కీ లాగి పెద్దముల్లుని నిండుగా ఒక చుట్టు తిప్పేసింది.

రఘువీర్ తల తుడుచుకుంటూ వచ్చి వాచీ చూసి కొయ్యబారిపోయాడు. "బాత్రూంలో ఇంతసేపు ఉన్నానా!"

"పాటలు పాడారు కదా" అంది ఉమ, దుప్పటి మడతపెడుతూ. "పల్లవి, చరణాలు, మళ్ళీ పల్లవి."

టిఫిన్ లేకుండా పరుగులు. పది కాకముందే పట్టాల పక్కన నిలబడ్డారు. ఎండలో గడ్డి తప్ప ఏమీ లేని ఆ మైదానంలో ముందు కూత వినిపించింది. ఆ తరవాత ఎర్ర చక్రాలు, ఇత్తడి మెరుపులు, పొగ. ఈసారి పొగకింద ఇంజన్ కూడా ఉంది. రఘువీర్ చెయ్యి పైకెత్తి, గార్డు జెండా ఊపినట్టు గాలిలో ఊపాడు. కంట్లో బొగ్గు నలుసు పడిందన్నాడు. ఉమ సరేనంది.

నలుసు పోగానే ఆయన యథాస్థితికి వచ్చేశాడు. "చూశావా? నాన్నగారి వాచీ! నిమిషం తేడా లేదు. ఇంక రాకీ పర్వతాలు గోడదాకా!"

సంహిత వాళ్ళమ్మ మొహంలోకి చూసి, నోట్లోకి చిప్స్ కుక్కుకుంది.

తిరుగు ప్రయాణమంతా ఆ వాచీ మహిమే. ఒక రాత్రి దారిలో ఆగి, ఆదివారం సాయంత్రం చాండ్లర్‌లో దిగారు. ఇంటికి వెళ్ళకుండా నేరుగా గీతాంజలి వాళ్ళింటికే వెళ్ళాలి, ఆరింటికి భోజనానికి పిలిచారు. ఆయన వాచీ ఇంకా యూటా టైములోనే నడుస్తోందన్న సంగతి ఉమకి ఊరి పొలిమేరలో వెలిగింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, సీటులో వెనక్కి వాలింది.

"ఆలస్యమవుతుందేమో?" అంది అమాయకంగా.

"నా చేతికి ఇది ఉండగానా?" అన్నాడు రఘువీర్.

తెలుగువాళ్ళ భోజనాలకి చెప్పిన టైముకి వెళ్ళడమే తొందరపాటు. ఇక గంట ముందు వెళ్ళినవాళ్ళని ఏమంటారో నిఘంటువులో లేదు. తలుపు తీసిన గీతాంజలి తలనిండా గోరింటాకు పట్టించుకుని, పైన ప్లాస్టిక్ కవర్ కట్టుకుని ఉంది. వెనకాల ఆమె భర్త దివాకర్ నిక్కరులో, చేతిలో వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో నిలబడ్డాడు.

"ఏంది రఘన్నా, ఆరింటికి రమ్మంటే ఐదింటికే దిగిన్రు? ఇంక ఉల్లిగడ్డలు కూడా కొయ్యలే!"

"ఆరయిందయ్యా" అని రఘువీర్ వాచీ చూపించాడు. దివాకర్ గొట్టంతో గోడ గడియారం చూపించాడు, తరవాత ఓవెన్ మీది గడియారం, తరవాత జేబులో ఫోన్. అన్నీ ఐదే అన్నాయి.

రఘువీర్ వాచీ విప్పి చెవిదగ్గర పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. "నాన్నగారి వాచీ పాడైపోయింది ఉమా" అన్నాడు మెల్లిగా. "ఇన్నేళ్ళకి."

ఇది ఉమ లెక్కలో లేదు. ఆమెకి కావలసింది టేబుల్, అంతే.

"వాచీకేం రోగం లేదు. యూటాలో మీరు స్నానం చేస్తుంటే నేనే గంట ముందుకి తిప్పాను. తిరిగొచ్చాక వెనక్కి తిప్పమని చెప్పలేదు, అదీ నేనే."

"ఎందుకు తిప్పావు? జోన్ ఒకటేగా!"

"జోన్ ఒకటే గానీ అన్నా, ఎండకాలం వాళ్ళు గంట ముందుకు జరుపుకుంటరు, మనం జరుపుకోం" అన్నాడు దివాకర్. "మా తమ్ముడు ఆడనే ఉంటడు గద."

రఘువీర్ వాచీ ముల్లుమీద వేలు పెట్టాడు. "అయితే మోటెల్ గడియారం?"

"కరెక్టే."

"కుర్చీలెత్తిన పిల్ల?"

"కరెక్టే."

"నా పాటలు?"

"ఒక్క పల్లవే పాడారు."

"నువ్వు తిప్పకపోతే?"

"పొగ చూసేవాళ్ళం" అంది ఉమ.

ఆయన కీ లాగి ముల్లుని జాగ్రత్తగా వెనక్కి తిప్పి, వాచీ చేతికి పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అంటే, టెక్నికల్‌గా చూస్తే, 1883లో రైల్వేలు..."

"నాన్నా!" అంది సంహిత.

"సరే. ఈ శనివారమే టేబుల్ ఖాళీ చేస్తా. దుద్దు శీల కూడా పీకి ఇస్తా." చెప్పుల వైపు చూస్తూ ఇంకేదో గొణిగాడు.

గీతాంజలి చెవిమీది ప్లాస్టిక్ కవర్ పైకెత్తింది. "ఏమన్నరు అన్నయ్యా? ఈ కవర్‌తోని నాకేం ఇనవడ్తలేదు."

రఘువీర్ తలెత్తి, ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపించేటట్టు అన్నాడు.

"తప్పు నాదే అన్నానమ్మా!"