గోళీకాయంత కడుపు

గోళీని సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి, రేకు డబ్బాలో అక్రోటు కాయ పక్కన పెట్టింది. దాని పక్కన చెక్కతో చేసిన కోడిగుడ్డు. తల్లులకు చూపించడానికి ఊలుతో అల్లిన రొమ్మును నిన్ననే ఉతికింది గానీ ఇంకా చెమ్మగానే ఉంది. ఆరబెడదామంటే ఆ గదికి కిటికీ ఏదీ? ప్రసూతి వార్డు చివర, ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది అది. రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సిందే.

ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే, మీకు పాలున్నాయమ్మా అని కొత్త తల్లులను నమ్మించడం. వార్డంతా ఆమెను గోళీలక్క అంటుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదేమో.

ఆ రోజు ఏడో మంచం దగ్గర గొడవ. కాన్పయి రెండో రోజు. బిడ్డ తెల్లవార్లూ గుక్కపట్టి ఏడ్చిందట. పాలు పడలేదని అత్తగారు తేల్చేసింది. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో సీసా. పాపం ఆవిడకీ నిద్ర లేదు, కళ్లు లోపలికి పోయాయి. కోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

గోళీలక్క ఆ అమ్మాయిని లేపి కూర్చోబెట్టి, అరచేతిలో గోళీ పెట్టింది.

"పుట్టినప్పుడు నీ బిడ్డ కడుపు ఇంతే తల్లీ. మూడో రోజుకు అక్రోటంత, పది రోజులకు కోడిగుడ్డంత అవుతుంది. ఇప్పుడు దీనికి బిందెడు పాలెందుకు చెప్పు? నాలుగు చుక్కలు చాలు. మళ్లీ మళ్లీ పట్టాలి, అంతే."

ఆపైన మాటలు తక్కువ, పని ఎక్కువ. వీపు వెనక దిండు పెట్టింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా తిప్పింది. పచ్చటి ముర్రుపాలు రెండు చుక్కలు చెంచాలోకి పిండించి, ఇవి నీవేగా అని చూపించింది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, చటుక్కున దగ్గరికి చేర్చింది. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. కాసేపటికి గుటక వినిపించింది.

ఆ అమ్మాయి తలెత్తి, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా అంది. "నాకు పాలున్నాయి అత్తయ్యా."

"ఉంటే మంచిదేగా, నేనేమైనా వద్దన్నానా," అంటూ ఆవిడ సీసాను సంచిలోకి తోసేసింది.

ఇంత తేలికా! చేతులు కడుక్కోవడానికి వెళ్లిన గోళీలక్క కొళాయి దగ్గర అలాగే నిలబడిపోయింది. ఆ ఒక్క మాటే ఇన్నేళ్లుగా తన గొంతులో అడ్డం పడి ఉంది.

కూతురు పుట్టినప్పుడు ఆమె ఇదే వార్డులో ఆయా. నీకు పాలు లేవని అత్తగారు మూడో రోజునే తేల్చి, పిల్లకు సీసా పట్టింది. ఇరవయ్యో రోజున ఆమె పనిలోకి వచ్చింది. పని మధ్యలో ఎద దగ్గర బట్టలు తడిస్తే చెమటనుకుంది. రెండేళ్ల తర్వాత, ఈ పని నేర్పిన నర్సు తన అరచేతిలో గోళీ పెట్టినప్పుడు గానీ అది చెమట కాదని తెలియలేదు. అప్పటికే పిల్ల నాయనమ్మ పక్కలో పడుకోవడానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా చెప్పులు విడిచి ముందు వెళ్లేది నాయనమ్మ మంచం దగ్గరికే.

వేలమందికి చెప్పింది, ఇంట్లో చెప్పలేకపోయింది. మొదట భయం. తర్వాత భర్త పోయిన దుఃఖం. ఆ తర్వాత ముసలావిడకు పక్షవాతం. మంచానపడ్డ మనిషిని ఏమంటాం? మూడేళ్లుగా వార్డు, ఇల్లు, మళ్లీ వార్డు. పగటిపూట పక్కింటావిడ ఓ కన్నేసి ఉంచుతుంది. వచ్చి నాలుగు రోజులుండమ్మా అని కూతురు పిలుస్తుంది. రాత్రిళ్లు కూడా ముసలావిడను ఎవరి మీద వదిలి వెళ్తుంది?

ఆ సాయంత్రం డబ్బా మూసేటప్పుడు గోళీని లోపల పెట్టలేదు, జేబులో వేసుకుంది. ఇంటిదాకా ఆ మాటనే లోలోపల అనుకుంటూ నడిచింది.

అత్తగారిని దిండుకు ఆనించి కూర్చోబెట్టి జావ పట్టింది. నాలుగు చెంచాలయ్యాక ముసలావిడ పెదవులు బిగించింది. గోళీలక్క చెంచా గిన్నెలో పెట్టి, ఆమెకు ఇంకా పనిచేస్తున్న ఎడమచేతిలో గోళీ ఉంచింది.

"అత్తయ్యా, పుట్టినప్పుడు మన పిల్ల కడుపు ఇంతే. నాకు పాలున్నాయి అప్పుడు."

ముసలావిడ గోళీకేసి చూసింది. మెల్లగా వేళ్లు ముడిచింది.

"తెలుసు," అంది. మాట ముద్దగా వచ్చినా అర్థమైంది. "అప్పుడు నువ్వు పనికి పోకపోతే ఇల్లెలా గడిచేది?"

గోళీలక్కకు ఒళ్లంతా మండిపోయింది. కానీ అలవాటైన చెయ్యి తనంతట తనే లేచి ముసలావిడ మూతి తుడిచింది. గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. పాలు లేవని పొరపాటున అని ఉంటే క్షమించేదే. తెలిసే అంది.

మొహం కడుక్కుని వచ్చేసరికి ముసలావిడ తల పక్కకు వాలి ఉంది. ఛాతీ కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆసుపత్రి మనిషి కదా, రెండోసారి చూడనక్కర్లేకపోయింది.

కూతురికి ఫోన్ చేయాలి. నాయనమ్మ పోయిందని చెప్పాలి. ఆ ఇంకో మాట చెప్పాలో వద్దో తెలియలేదు. చెబితే పిల్లకు నాయనమ్మ రెండోసారి పోతుంది. చెప్పకపోతే అది తన గొంతులోనే ఉండిపోతుంది.

ఫోన్ పక్కన పెట్టింది. తల్లి బట్టలు పట్టుకుని వదలని పసిపిల్లల పిడికిలి విప్పినట్టే, ముసలావిడ చిటికెనవేలి నుంచి ఒక్కొక్క వేలూ విప్పింది. గోళీ ఇంకా వెచ్చగానే ఉంది.