పంతులమ్మ చెయ్యి

"రేపు ఆరాధనల చెయ్యి జర మీదికి ఎత్తి సూపియ్యి. పోయిన వారం ఎనక కూసున్నోళ్ళకు కనబడలేదట," అన్నాడు ఊరి క్రైస్తవ గుడిలో వాక్యం చెప్పే యోబు పంతులు, గడ్డం గీసుకుంటూ.

భార్య కొమురవ్వ ఆయన తెల్లంగీని చౌడుమట్టితో రుద్దుతోంది. యుద్ధం రోజులు, సిద్దిపేట బజారంతా తిరిగినా సబ్బు దొరకదు. పంతులుగారి అంగీ మాత్రం మల్లెపువ్వులా ఉండాలి. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది కాబట్టి, అంగీ ఒక కొసను కాలితో తొక్కిపట్టి, రెండో కొసను కుడిచేత్తో మెలితిప్పి పిండుతుంది. ఆ మణికట్టు విరగ్గొట్టింది యోబే, కల్లు తాగొచ్చిన రోజుల్లో, కూరలో ఉప్పెక్కువైందని. తర్వాత మారుమనసు పొందాడు. పొందితే పొందాడు, ఊరుకున్నాడా? ప్రతి ఆదివారం అదే ముచ్చట. "నేను తాగుబోతును, పశువును. పెండ్లాం చెయ్యి ఇరగ్గొట్టిన. గసొంటి బలహీనుణ్ణే దేవుడు పనికి పెట్టుకున్నడు" అని గుండె బాదుకుంటాడు. అప్పుడు కొమురవ్వ లేచి, చెయ్యి చూపించి, "నేను మాఫ్ జేసిన" అనాలి. జనం వలవలా ఏడుస్తారు. ఎంత మంచోడమ్మా, ఎట్ల ఒప్పుకున్నడు అని ఆయన్ని చూసే ఏడుస్తారు. చెయ్యి ఈమెది, కన్నీళ్ళు ఆయనకి! ఆ మాటలు విని ఇద్దరు ముగ్గురు తాగుడు మానిన మాట నిజమే, అందుకే ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. కానీ సిగ్గులేని మనిషి, చేసిన తప్పును కూడా మేకలా సాకి పాలు పితుక్కుంటున్నాడే అని ఒళ్ళు మండిపోతుంది.

తెల్లవారి, గుడికి బయలుదేరే వేళకు కూలికి పోయే ఎల్లవ్వ వచ్చింది. పెదవి చిట్లి ఉంది.

"పంతులమ్మా, నా మొగడు దుడ్డుకర్రతోని కొట్టిండు. తల్లిగారింటికి పోతనంటే పంతులు వద్దన్నడు. 'మా ఇంటామెను జూడు, మాఫ్ జేసి సల్లగ కాపురం జేస్తలేదా, నువ్వు గట్లనే పో' అన్నడు. నాతోని మాఫ్ అయితలేదమ్మా. నేను పాపిష్ఠిదాన్నా? నీతోని ఎట్లయిందో చెప్పు."

"ఏమే, ఇంకెంతసేపు?" అని బయటినుంచి యోబు కేకేశాడు.

కొమురవ్వ ఎల్లవ్వను వెంటబెట్టుకుని గుడికి నడిచింది. తను ఎన్నడు క్షమించింది గనక? పక్కన ఆయన గురక వింటే ఇప్పటికీ రోతపుట్టి అటు తిరిగి పడుకుంటుంది. క్షమించలేకపోవడం తన పాపమనుకుని, సిగ్గుతో దాచి, వారం వారం అబద్ధమాడింది. ఆ అబద్ధమే ఈ పిల్లను మళ్ళీ దుడ్డుకర్ర కిందికి తోలుతోంది.

యోబు గుండె బాదుకున్నాడు, ఏడ్చాడు, కళ్ళు తుడుచుకుంటూ ఇటు చూశాడు. కొమురవ్వ లేచింది. చెయ్యి ఎత్తలేదు.

"నేను మాఫ్ జెయ్యలే," అంది. "మీకు అబద్ధం చెప్పిన. దేవునికి మొక్కిన, ఏడ్చిన, నాతోని కాలే."

"కూసో! సైతాను మాట్లాడిస్తుండు నిన్ను," అన్నాడు యోబు పళ్ళు కొరుకుతూ.

"నీ బలహీనతేమో దేవుని పనికొస్తది, నాదైతే సైతానుదా? మంచిగున్నదయ్యా నీ నాయం!"

ఆడవాళ్ళవైపు ఎవరో కిసుక్కుమన్నారు. కొమురవ్వ నడిచివెళ్ళి ఎల్లవ్వ పక్కన చాప మీద కూర్చుంది.

"మాఫ్ కాకుంటే కాకపాయె బిడ్డా, నాకు గూడ కాలే. నువ్వు ఆడికి పోకు. మా ఇంట్ల ఉండు. పంతులు గీ గుళ్ళెనే పండుకుంటడు."