పదకొండో అధ్యాయంలో లేచినవాళ్లు

మా అక్క పిల్లల కథలు రాస్తుంది. ఆవిడకి పిల్లలంటే ప్రాణమని పత్రికలవాళ్లు రాస్తుంటారు. ప్రాణం సంగతి నాకు తెలియదు గానీ, భయం మాత్రం ఉంది. అందుకే ఏ కథనైనా అచ్చుకి పంపే ముందు నేను పాఠాలు చెప్పే బడికి తీసుకొచ్చి, నా రెండో తరగతికి చదివి వినిపించేది. ఆవిడ కుర్చీలో కూర్చుని కాగితం మీంచి తలెత్తకుండా చదువుతుంటే, నేను వెనక గోడకి ఆనుకుని కార్బన్ ప్రతి పట్టుకుని నిలబడేదాన్ని. మధ్యలో ఎవరైనా చిటికెన వేలు చూపించి బయటికి వెళ్తే, సరిగ్గా ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక గీత పెట్టాలి. అదీ నా పని.

ఒక పేజీలో మూడు గీతలు పడితే అక్క ఆ పేజీని చించేసేది. పాపం, నిజంగానే అవసరమై వెళ్లారేమో అని మొదట్లో నేను పిల్లల తరఫున వాదించాను. కథ బాగుంటే ఎంత అవసరమున్నా ఆపుకుంటారని ఆవిడ కొట్టిపారేసింది. ఆ తర్వాత పెద్ద పెద్ద విమర్శకులు అక్క శైలిలోని క్లుప్తతని మెచ్చుకుంటూ వ్యాసాలు రాశారు. ఆ క్లుప్తత ఏడేళ్ల పిల్లల చిటికెన వేళ్ల చలవ అని వాళ్లకి ఎవరు చెప్తారు?

ఆవిడ పుస్తకాలన్నిటిలో పేరు తెచ్చినది పాలబండి గుర్రం కథ. ఒక ముసలి గుర్రం రోజూ ఒక పాప ఇంటిముందు ఆగుతుంది. ఒకరోజు పాలవాడు మోటారు వ్యాను కొంటాడు. పాప గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తుంది. పదకొండో అధ్యాయమంతా అదే, ఎదురుచూడటం. గుర్రం రాదు. ఎందుకు రాదో ఎవరూ చెప్పరు. పన్నెండో అధ్యాయంలో పాపకి కొత్త బూట్లు కొంటారు, కథ అయిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది.

పోయినేడాది ఒక దర్శకుడు దాన్ని సినిమాగా తీస్తానని వచ్చాడు. మర్యాదస్తుడు, కళ్లలో నీళ్లు తొందరగా వస్తాయి. సినిమాలో గుర్రం మాట్లాడుతుందని చెప్పాడు, అక్క ఊరుకుంది. పాటలు కూడా పాడుతుందన్నాడు, పళ్లు బిగపట్టి ఊరుకుంది. చివర్లో తిరిగొస్తుందని చెప్పేసరికి ఒంటికాలి మీద లేచింది.

"చిన్నప్పుడు మీ పుస్తకం చదివి మూడు రోజులు సరిగ్గా భోజనం చెయ్యలేదమ్మా," అన్నాడతను. "ఇంకే పిల్లాడికీ అలా జరగకూడదనే గుర్రాన్ని వెనక్కి తీసుకొస్తున్నాను."

అంత ప్రేమగా చెప్పేవాణ్ణి తిట్టడం కష్టం. అక్క తిట్టలేదు, ఒప్పందంలో ఒక షరతు రాయించింది. విడుదలకి ముందు సినిమాని నలభైమంది రెండో తరగతి పిల్లలకి చూపించాలి. లేచి వెళ్లినవాళ్లని నేను లెక్కపెట్టాలి. నలుగురికి మించి లేస్తే ముగింపుని పుస్తకంలో ఉన్నట్టే మళ్లీ తీయాలి. లాయరు ఆ షరతుని రెండుసార్లు చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. దర్శకుడు మాత్రం నవ్వుతూ సంతకం పెట్టేశాడు.

నేను రిటైరై ఆరేళ్లయింది. పాత బడి నుంచే పిల్లల్ని పిలిపించారు. థియేటర్ వెనక వరుసలో నేను పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను, అక్క నా పక్కన కూర్చుంది. సినిమా మొదలైంది. గుర్రం మాట్లాడింది, జోకులేసింది, వానలో డాన్స్ చేసింది. పదో నిమిషంలో ఎవరో ఒకరు లేస్తారనుకున్నాను. ఇరవయ్యో నిమిషంలో తప్పకుండా లేస్తారనుకున్నాను. నలభైమందీ నోళ్లు వెళ్లబెట్టుకుని చూస్తున్నారు. చివర్లో గుర్రం మెడలో గంటలతో పరుగెత్తుకుంటూ వచ్చి గేటు దూకితే హాలంతా చప్పట్లు. నా కాగితం మీద ఒక్క గీత కూడా పడలేదు. దీపాలు వెలిగాక నలభైమందీ ఒక్కసారిగా మరుగుదొడ్ల వైపు పరుగెత్తారు.

అక్క ఆ పరుగు చూసి, "ఆపుకున్నారు," అంది.

నాకు లోపల ఏడుపొచ్చింది. అయినా ఓడిపోతే ఓడిపోయాం, సినిమా వాళ్లది, పుస్తకం మనది అని సరిపెట్టుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. మా అక్కది మొండి నిజాయితీ. తన కొలబద్ద ప్రకారం గుర్రం తిరిగొచ్చే కథే మంచిదని తేలిపోయింది గనక, పుస్తకాన్నీ మార్చేస్తానని పబ్లిషరుకి ఫోన్ చేసింది. సినిమా బొమ్మతో కొత్త ముద్రణ ఎలాగూ వేస్తున్న ఆ పబ్లిషరు ఎగిరి గంతేశాడు.

నాలుగు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి అక్క కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది. పదో అధ్యాయం చివరికి వచ్చింది. స్కేలు, ఎర్ర పెన్ను పక్కనే ఉన్నాయి. వద్దని బతిమాలాను. పిల్లలకన్నా నీకెక్కువ తెలుసా అని అడిగింది. దానికి జవాబు నా దగ్గర ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఉంది.

ఇంటికెళ్లి బీరువా అడుగు నుంచి పాత కార్బన్ ప్రతి తీసి తెచ్చాను. పదకొండో అధ్యాయం పేజీలు ఆవిడ చేతికిచ్చి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడమన్నాను. రబ్బరుతో చెరిపినా పెన్సిల్ నొక్కిన గాడి పోదు. అక్క లెక్కపెట్టింది. పదకొండు.

"ఆ రోజు పదకొండుమంది లేచారక్కా. నువ్వు చూస్తే చించేస్తావని చెరిపేశాను."

అక్క మొహం ఎర్రబడింది. ముందుగా అడిగిన ప్రశ్న, "ఇంకే పుస్తకంలో చెరిపావే?" అని. ఇంకెక్కడా లేదన్నాను. ఒక్కచోట ఉంది, కానీ ఒకేరోజు రెండు తప్పులు ఒప్పుకునేంత ధైర్యం నాకు లేదు.

తర్వాత ఆ రోజు సంగతంతా చెప్పాను. పదకొండుమంది తిరిగి రాకపోయేసరికి నేను పిలవడానికి వరండాలోకి వెళ్లాను. మరుగుదొడ్లు ఎడమవైపు. అటు ఒక్కరూ వెళ్లలేదు. అందరూ కుడివైపు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఒకడు సున్నం గోకుతున్నాడు, ఇద్దరు ఊరికే బూట్ల వైపు చూసుకుంటున్నారు. చివర్న ఉన్న చిన్నపిల్లని లోపలికి రమ్మని చెయ్యి పట్టుకున్నాను. అది చెయ్యి విడిపించుకుంది.

"గుర్రం వచ్చాక పిలవండి టీచర్, అప్పుడు వస్తాను," అంది.

అక్క ఆ పేజీల్ని బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్లుగా నన్ను మోసం చేశావంది. నీ చేతికి పెన్సిలిచ్చినందుకు నాకు బుద్ధి లేదంది. నన్ను ఇంటికెళ్లిపొమ్మంది. నేను చెప్పులు వేసుకుంటుంటే, ఎర్ర పెన్నుకి మూతపెట్టిన చప్పుడు వినిపించింది.

మూడు నెలలు నాతో మాట్లాడలేదు. సినిమా విడుదలై ఊరూరా ఆడింది. దర్శకుడు ప్రతి సభలోనూ అక్కకి కృతజ్ఞతలు చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. కొత్త ముద్రణ అట్ట మీద గుర్రం ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతోంది. లోపల పదకొండో అధ్యాయం మాత్రం ఎప్పట్లాగే ఉంది, గుర్రం రాలేదు. గుర్రం తిరిగొచ్చే పేజీలు తగ్గాయని, వేరే ప్రతి ఇమ్మని తల్లిదండ్రులు పబ్లిషరుకి ఉత్తరాలు రాశారట. పబ్లిషరు నాకు ఫోన్ చేసి మొత్తుకున్నాడు. నేను సానుభూతి చూపించాను.

పోయిన వారం అక్క దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. ఆవిడ రాసిన ముక్క ఒక్కటి కూడా లేదు. లోపల ఎవరో పిల్లాడు గీతల కాగితం మీద రాసిన ఉత్తరం ఉంది.

"మీ పుస్తకంలో గుర్రం రాలేదు. సినిమాలో వచ్చింది. నేను పుస్తకం మూసేసి బయటికి వెళ్లిపోయాను. మళ్లీ వచ్చి చూశాను. ఇంకా రాలేదు. రేపు కూడా చూస్తాను."

మూడో వాక్యం పక్కన, అక్క తన చేత్తో గట్టిగా నొక్కి పెట్టిన పెన్సిల్ గీత ఉంది. ఈసారి నేను రబ్బరు జోలికి పోలేదు.