తువ్వాలు మీద మీటలు

కాఫీ ఒలకగానే మా వియ్యంకుడు చేసిన మొదటి పని, కప్పులో ఎంత మిగిలిందో చూసుకోవడం. అది తాగేశాక "అయ్యో" అన్నాడు.

ఒలికింది మా అమ్మాయి కీబోర్డు మీద. ఆ సాయంత్రం నాలుగింటికి ఆమెకు టైపు పరీక్ష. ఇంట్లో కూర్చునే రాయాలి. కోర్టులో మాట్లాడిన మాట మాట్లాడినట్టు టైపు చేసే ఉద్యోగం. నిమిషానికి డెబ్బై మాటలు కొట్టాలి. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ ఒకటి రెండు మాటల్లో పోయింది. మూడోసారే ఆఖరు. ఆరు నెలలుగా ఆ కీబోర్డు మీదే సాధన. కొత్తది తెస్తే వేళ్లు తడబడతాయి. ఇంకొకరి చెప్పులతో పరుగు పందేనికి వెళ్లినట్టుంటుంది.

అప్పుడు ఒంటిగంట. అమ్మాయి పక్కగదిలో నిద్రపోతోంది. మూడున్నరకు లేపమంది. అందుకని మేం పోట్లాడింది కూడా గుసగుసగానే.

"బియ్యంలో పెడదామా బావగారూ? ఫోను తడిస్తే బియ్యంలోనే పెడతారట."

"ఫోను నీళ్లలో పడుతుంది. మీరు పోసింది నాలుగు చెంచాల పంచదార వేసిన కాఫీ. బియ్యంలో పెడితే పరమాన్నం అవుతుంది."

"మూడే చెంచాలు."

ఈ మనిషితో నేను మూడేళ్లుగా సరిగ్గా మాట్లాడలేదు. నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, తన మోకాళ్ల నొప్పుల పురాణం చెప్పి, ఆమె కోసం నేను తెచ్చిన కమలాపండ్లు ఒలుచుకు తిని వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు ఆమె పోయింది. ఆయన వచ్చిన రోజు నేను మందుల కోసం వెళ్లి వచ్చేసరికి మిగిలినవి తొక్కలు. ఆ తొక్కలు నాకింకా గుర్తే.

కీబోర్డు తీగ పీకి బోర్లించాను. ముప్పై రెండేళ్లు కొట్టు పెట్టుకుని టైపు మిషన్లు బాగుచేశాను. మిషన్లు పోయాయి, చేతి పనితనం పోలేదు. పనిముట్ల డబ్బాలో నా భార్య జడపిన్ను ఉంది. కొన వంచి మీటలు పీకడానికి ఆమే తయారుచేసి ఇచ్చింది. దానితో ఒక్కొక్క మీటా లేపి, కొట్టునాటి పాత తువ్వాలు మీద వరసగా పేర్చాను. ఏది ఎక్కడ ఊడితే అక్కడే. నా కొట్లో ఈ తువ్వాలు జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆ సంగతి వియ్యంకుడికి చెప్పాలని నాకు తోచలేదు. తప్పు నాదే అని ఒప్పుకోను.

నేను దూదికి స్పిరిట్ అద్ది లోపలి జిగురు తుడుస్తున్నాను. వెనక బుడుంగుమని చప్పుడైంది. తిరిగి చూస్తే వియ్యంకుడు తువ్వాలు నాలుగు కొసలూ పట్టుకుని, మీటలన్నీ సబ్బునీళ్ల గిన్నెలోకి దొర్లించేశాడు.

"కడిగి పెడదామని..." అన్నాడు.

"వరస కలిపేశారు కదయ్యా!"

"ష్! పిల్ల లేస్తుంది."

బూతులు గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

మీటలు ఫ్యాను కింద ఆరబెట్టి, పొడి గిన్నెలో పోసుకుని, ఇద్దరం నేలమీద కూర్చున్నాం. అక్షరాల వరస నా వేళ్లకు తెలుసు. కళ్లు మూసుకుని బల్లమీద కొట్టినట్టు ఆడించి, ఏ వేలు ఎక్కడ పడితే ఆ అక్షరం అడిగాను. ఆయన గిన్నెలో వెతికి అందించాడు. కూరల బేరంలో ఉన్నంత శ్రద్ధగా వెతికాడని ఒప్పుకోవాలి.

"ఆ జడపిన్ను మా చెల్లెమ్మగారిదేనా?" అన్నాడు ఉన్నట్టుండి.

"అవును. మీరు ఆవిడ పండ్లు తిన్నారు. పిన్ను మిగిల్చారు."

ఆయన చెయ్యి గిన్నెలోనే ఆగింది. "ఆవిడే తినమంది బావగారూ. వాసన కూడా పడటంలేదు, పండ్లు అలాగే ఉంటే మా ఆయన కుంగిపోతారు, మీరు తినేసి వెళ్లండన్నయ్యగారూ అంది. మీతో చెప్పనని మాట తీసుకుంది. నాకు పులుపు పడదు. ఆ రాత్రంతా కడుపు మంటే."

నేను కాసేపు దూదితో తుడిచిన చోటే తుడిచాను.

"ఆరు తిన్నారు."

"నాలుగే. రెండు నర్సమ్మకిచ్చా."

అక్షరాలన్నీ కుదిరాయి. టైపు మిషను మీద లేని మీటలు పది దాకా మిగిలాయి. ఎక్కడివో ఇద్దరికీ తెలియదు. కుడిపక్కన ఖాళీలున్న చోట, సైజు సరిపోయినవి సరిపోయినట్టు ఆయనే నొక్కేశాడు. మూడుంబావుకి తీగ పెట్టి చూశాం. అక్షరాలన్నీ పడ్డాయి. మాటకీ మాటకీ మధ్య కొట్టే పొడుగుమీట మాత్రం దిగితే లేవడంలేదు. మళ్లీ ఊడదీసి, జడపిన్నుతో అంచుల్లో గోకితే ఎండిన పంచదార ఊడింది. లేచింది.

మూడున్నరకు అమ్మాయిని లేపాం. నాలుగింటికి కీబోర్డు పెట్టుకుని గది తలుపేసుకుంది. మేం బయట నిలబడ్డాం. చప్పుడు మొదలైంది. చిన్నప్పుడు నా కొట్లో ఆమెకు టైపు నేర్పింది ఈ తువ్వాలే చేతుల మీద కప్పి. మీటల వంక చూస్తే వేలిమీద ఒక దెబ్బ. అందుకని చూడదు. చూడకూడదని ఆ పూట ఎంతమంది దేవుళ్లకు మొక్కాడో వియ్యంకుడు, పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. "నాన్నా! డెబ్బై నాలుగు!"

వియ్యంకుడు గెంతాడు. మోకాళ్ల సంగతి మోకాళ్లే మరిచిపోయాయి.

మేం లోపలికి వెళ్లాం. అమ్మాయి అప్పుడే కీబోర్డు వంక చూసింది. "ఇదేమిటి, బాణం మీటలన్నీ తలకిందులుగా ఉన్నాయి?"

"మీ మామయ్యగారు కాఫీ పోశారు" అన్నాను. దాచే అలవాటు నాకు లేదు.

"చెప్పేశారా బావగారూ!"

అమ్మాయి గోడకు ఆనుకుని నవ్వింది, కళ్లనీళ్లొచ్చేదాకా. వాళ్లమ్మ నవ్వూ అంతే, మొదలైతే ఆగేది కాదు.

వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపాను. ఆయనకూ ఒక కప్పు.

"పంచదార మూడు చెంచాలు" అన్నాడు గుమ్మంలోంచి.

"రెండే. బల్ల దగ్గరికి రాకుండా అక్కడే నిలబడి తాగండి."